వరసలో నిలబడుటకు మనుషులు కావలెను

మన పట్నంలో న్యాయానికి ఎలాంటి లోటూ లేదని ముందుగా మనవి చేసుకోవడం మంచిది. ఆ సంగతి మొదటే తెలిస్తే తర్వాత జరిగినవన్నీ సజావుగానే కనిపిస్తాయి. కొన్ని చోట్ల దొరికినవాణ్ణి పట్టుకొచ్చి "వీడేనా?" అని అడగడం, పోగొట్టుకున్నవాళ్ళు "వీడే" అనడం, అంతటితో కేసు ముగించడం జరుగుతుందట. మన పోలీసు స్టేషన్లో అలాంటి మోటు పద్ధతులు లేవు. ఇక్కడ అనుమానం వచ్చిన మనిషిని అతని పోలికలే ఉన్న మరో ఐదుగురి మధ్య నిలబెడతారు. చూసినవాళ్ళు వచ్చి వేలు పెట్టి చూపిస్తారు. దీన్ని గుర్తింపు పరేడ్ అంటారు. "ఒకే పోలిక, ఒకే వరస, ఒకే న్యాయం" అని స్టేషన్ గోడ మీద ఎర్ర రంగుతో రాయించారు కూడా. రాసిన పెయింటరు మీద ఆ తర్వాత ఒక కేసు పడింది గానీ, అది మన కథకు సంబంధించింది కాదు.

పోలిక అంటే ఏమిటన్న ప్రశ్న తొలి రోజుల్లోనే వచ్చింది. ముక్కు చూడాలా, ఎత్తు చూడాలా, నడక చూడాలా అని పెద్దలు తర్జనభర్జన పడి, రంగయితే దూరం నుంచి కూడా కనపడుతుంది కదా అని తేల్చారు. పట్నంలో రెండు రకాల జనం ఉన్నారు. ఊరివాళ్ళు కాస్త తెలుపు, ఓడవాళ్ళు కాస్త నలుపు. ఓడవాళ్ళంటే ఓడల్లో తిరిగేవాళ్ళని కాదు. వాళ్ళ ముత్తాతలు ఎప్పుడో రేవులో మూటలు మోయడానికి ఓడెక్కి వచ్చారు. ఇప్పుడు వాళ్ళలో సగం మందికి ఈత కూడా రాదు, అయినా ఆ పేరు మాత్రం పోలేదు. ఎండాకాలం ఆఖరుకు వచ్చేసరికి రెండు రంగులకూ తేడా కనిపెట్టడం కొంచెం కష్టమే. కానీ పోలీసులకు ఆ కష్టం ఎన్నడూ రాలేదు, ఎందుకంటే ఊరివాళ్ళ మీద వాళ్ళకు అనుమానమే రాలేదు.

స్టేషన్ పక్క సందులో అద్దాలాయన కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. చిన్న గదే గానీ ముచ్చటగా ఉంటుంది. ఒక వైపు గోడకు ఫ్రేములు వేలాడుతుంటాయి, ఎదురుగోడకు పై నుంచి కిందికి చిన్నవవుతూ వచ్చే అక్షరాల చార్టు, మధ్యలో పైకీ కిందికీ తిరిగే కుర్చీ. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో రకరకాల అద్దాలు. ఊళ్ళో సగం ముక్కుల మీద ఆయన చేసిచ్చిన కళ్ళజోళ్ళే ఉన్నాయి. మనిషి నెమ్మదస్తుడు, మాట మెత్తన, ఒక్క తన అద్దాల విషయంలో మాత్రం మహా పట్టుదల. "నా అద్దం పెట్టుకుని కనపడలేదన్నవాళ్ళు ఇంతవరకూ లేరు" అని రోజుకొకసారైనా అనకపోతే ఆయనకు తోచదు.

అద్దాలాయన ఓడవాడు, పైగా స్టేషన్‌కు కూతవేటు దూరం. అందుచేత ఎప్పుడు వరస కావాల్సొచ్చినా కానిస్టేబులు ప్రహరీగోడ మీంచి తల పెట్టి, "అద్దాలాయనా, వరస!" అని కేక వేసేవాడు. ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, తల దువ్వుకుని, బయల్దేరేవాడు. దారిలో బేకరీ ఆయన చేతులకంటిన పిండి దులుపుకుంటూ కలిసేవాడు. బళ్ళోంచి లెక్కల మాస్టారు, పెళ్ళిళ్ళలో బాకా ఊదే ఆయన, బస్సు డిపోలో మెకానిక్కుగా ఉన్న అద్దాలాయన బావమరిది వచ్చేవాళ్ళు. ఈ ఐదుగురూ ఆ స్టేషన్‌కు ఆస్థాన వరసగాళ్ళు. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి ఆ విద్యలో ఆరితేరిపోయారు. నవ్వకూడదు, నవ్వితే దొంగనవ్వు అంటారు. దిగులుగా ఉండకూడదు, ఉంటే తప్పు చేశాడంటారు. ఎదుటి గోడ మీది గడియారం వంక చూస్తూ, టైమెంతయినా పట్టనట్టు నిలబడాలి. ఈ సేవకు మెచ్చి ఇన్‌స్పెక్టరుగారు ఒకసారి అద్దాలాయనకు "ఆదర్శ వరస పౌరుడు" అని ఒక షీల్డు బహూకరించి, ఇలాంటివాళ్ళు ఉండబట్టే చట్టం నిటారుగా నిలబడి ఉందని ఉపన్యసించారు. షీల్డును దుకాణంలో చార్టు పక్కనే తగిలించారు.

అద్దాలాయన భార్యకు మాత్రం ఇదంతా నచ్చేది కాదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? మీరు నిలబడ్డంత మాత్రాన వాళ్ళు మన వాళ్ళని పట్టుకోవడం మానేస్తారా?" అనేది.

"అలా కాదే. మేం ఐదుగురం నిలబడితే పాపం ఆ ఆరోవాడికి తప్పించుకునే దారి ఉంటుంది. ఒక్కణ్ణే నిలబెడితే ఏముంటుంది చెప్పు?" అనేవాడాయన.

"ఆ వేలు ఏదో ఒక రోజు మీ మీదికి తిరుగుతుంది, చూస్తూ ఉండండి" అని ఆవిడ కాఫీ గ్లాసు ఠప్పున పెట్టేది.

ఇదిలా ఉండగా ఒక సాయంత్రం బజారులో ప్రెసిడెంటమ్మగారి చేతిసంచి పోయింది. ప్రెసిడెంటమ్మగారు ఊళ్ళో బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరై, సత్పౌర సంఘానికి అధ్యక్షురాలుగా ఉంటున్న పెద్దావిడ. గొడుగుల షాపు ముందు ఎవడో ఎదురుగా వచ్చి, సంచి లాక్కుని, "క్షమించండి" అని మరీ పారిపోయాడు. అదే సమయంలో బస్సు తప్పిపోతుందని మూటలు మోసే ఓడవాడొకడు పరుగెత్తుతున్నాడు. ఓడవాడు పరుగెత్తాడన్నది అక్కడికక్కడే రుజువైపోయింది కనుక, సంచి సంగతి ఒక్కటే మిగిలింది. మర్నాడు ప్రహరీగోడ మీంచి కేక వినిపించింది.

ఆరుగురూ వరసలో నిలబడ్డారు. ప్రెసిడెంటమ్మగారు బడి పిల్లల గోళ్ళు తనిఖీ చేస్తున్నట్టు ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వచ్చారు. మూటలాయన్ని దాటేశారు. బేకరీ ఆయన్నీ, మాస్టారునీ దాటేశారు. అద్దాలాయన ముందుకు వచ్చి ఆగారు. ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ఆవిడ పెట్టుకున్న కళ్ళజోడు అద్దాలాయన చేసిచ్చిందే. వారం కిందట ఆవిణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుకూ ముక్కుకూ జానెడు దూరంలో నిలబడి, అరగంట సేపు అద్దాలు మార్చి మార్చి చూపించింది ఆయనే. ఆవిడ దగ్గరికి రాగానే ఆయన కళ్ళు ఆవిడ మొహాన్ని చూడలేదు, కళ్ళజోడును చూశాయి. ఎడమ చెవి దగ్గర ఫ్రేము కాస్త వదులై పక్కకు వాలి ఉంది. తను చేసిన వస్తువు అలా వాలి ఉంటే ఏ పనివాడి ప్రాణం మాత్రం ఊరుకుంటుంది? వరసలో ఉన్నానన్న సంగతి మరిచిపోయి, సరిచేద్దామని చెయ్యి చాచాడు.

"వీడే!" అని ప్రెసిడెంటమ్మగారు కెవ్వుమన్నారు. "వీడే ఇన్‌స్పెక్టర్! ఈ మొహం నాకు బాగా తెలుసు. ఇంత దగ్గరగా చూశాను. అప్పుడూ ఇలాగే చెయ్యి చాచాడు!"

వరసలో నిలబడ్డ మామూలు మనిషిని చూపిస్తే, సాక్షి పొరబడ్డారని చెప్పి అందరినీ ఇళ్ళకు పంపడం అంతవరకూ ఉన్న ఆనవాయితీ. కానీ ప్రెసిడెంటమ్మగారితో పొరబడ్డారని ఎవరు చెబుతారు? ఇన్‌స్పెక్టరుగారు ఆవిడ తమ్ముడి తోడల్లుడు. అది కాకపోయినా ఆయన చిన్నప్పుడు ఆవిడ దగ్గర గోడకుర్చీ వేసిన మనిషి. బాగా ఆలోచించి, "వరసలో నిలబడ్డవాడు దొంగ కాకూడదని చట్టంలో ఎక్కడుంది?" అన్నారు. ఎక్కడా లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు కేసు వచ్చి అద్దాలాయన మీద పడింది.

"ఏమీ అనుకోకండి. మిమ్మల్ని లోపల వెయ్యాలంటే నాకు ఎంత బాధగా ఉందో మీకు తెలీదు" అని ఇన్‌స్పెక్టరుగారు తాళం తీస్తూ అన్నారు. "ఆదర్శ పౌరుడండీ మీరు. ఆ జేబులోదేమిటి, స్క్రూడ్రైవరా? ఇటివ్వండి, మారణాయుధం కింద రాసుకోవాలి. అన్నట్టు నా కళ్ళజోడు అద్దంలో గీత పడింది, తీరిక ఉంటే చూస్తారా?"

మూటలాయన్ని వదిలేశారు. వదిలేస్తూ, వరసలో ఒక ఖాళీ ఏర్పడింది కనుక అద్దాలాయన స్థానంలో రేపట్నుంచి వచ్చి నిలబడమని ఉత్తర్వు చేశారు. అలా ఒక నిరపరాధికి విముక్తీ, గౌరవప్రదమైన స్థానమూ ఒకేసారి లభించాయి.

శిక్ష సంగతి కూడా కొంచెం తెలుసుకోవాలి. చట్టం అందరికీ ఒక్కటే. అయితే శిక్షను మనిషి తట్టుకునే శక్తిని బట్టి వేయాలని మన పెద్దలు దయతో నిర్ణయించారు. ఊరివాళ్ళు సున్నితమైనవాళ్ళు, కాస్త మందలిస్తేనే కుంగిపోతారు. ఓడవాళ్ళు మూటలు మోసిన వంశంలోంచి వచ్చిన గట్టివాళ్ళు కనుక, అదే నేరానికి వాళ్ళకు మూడేళ్ళు రాళ్ళక్వారీలో పని. ఇందులో ఓడవాళ్ళ దేహదారుఢ్యం మీద మెప్పే ఉంది గానీ వేరే ఉద్దేశం లేదు. అద్దాలాయనకు ఆ మెప్పు ఎందుకో ఒంటపట్టలేదు. సన్నటి స్క్రూలు తిప్పిన తన వేళ్ళ వంక చూసుకుని, ఆ వేళ్ళతో సుత్తి ఎలా పట్టుకుంటానా అని ఆయనకు నిజంగానే భయం వేసింది.

ములాఖత్‌కు భార్యా, బావమరిదీ వచ్చారు. భార్య ఏడవలేదు. ఏడుపంతా దార్లోనే కానిచ్చి, ఇక్కడికొచ్చేసరికి సూటిగా పనిలోకి దిగింది.

"కోర్టులో ఒకే ఒక్క మాట చెప్పండి. ఆవిడకు కళ్ళు సరిగ్గా కనపడవు అని. అయిపోతుంది."

అద్దాలాయన అదిరిపడ్డాడు. "నేనిచ్చిన అద్దాలతో కనపడకపోవడమేమిటే?"

"అద్దాలు సరిగ్గా కుదరలేదనండి."

"నా అద్దాలా!"

"బావా, కుదరలేదంటే మహా అయితే లైసెన్సు పోతుంది. దుకాణం పోతే ఇంకో పని చూసుకోవచ్చు. నువ్వు క్వారీకి పోతే అక్క నన్ను బతకనిస్తుందా?" అన్నాడు బావమరిది.

అద్దాలాయన పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా తయారైంది. ఆవిడకు చూపు బాగుందంటే తను దొంగ. బాగాలేదంటే తన పని దొంగపని. చివరికి "చూద్దాంలే" అన్నాడు. ఆ "చూద్దాంలే" ఎలాంటిదో ఇరవై ఏళ్ళ కాపురంలో బాగా తెలుసున్న ఆ ఇల్లాలు నుదురు కొట్టుకుంది.

కోర్టు కిటకిటలాడింది. మొదట ఇన్‌స్పెక్టరుగారు సాక్ష్యం చెప్పారు. నిజానికి సంచి పోయిన సాయంత్రం, సరిగ్గా ఆ సమయానికి, అద్దాలాయన వేరే కేసు కోసం స్టేషన్లోనే వరసలో నిలబడి ఉన్నాడు. అద్దాలాయన తరఫు కుర్ర ప్లీడరు ఆ మాట ఎత్తి, "అవునా కాదా?" అని ఆయన్ను నిలదీశాడు.

"ఆ రోజు వరస జరిగిన మాట నిజమే" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. "అయితే వరసలో అందరూ ఒకే పోలికలో ఉండాలని రూలు. రూలు ప్రకారమే నిలబెట్టాను. అందరూ ఒకేలా ఉన్నప్పుడు అందులో ఈయన ఉన్నాడో లేడో నేనెలా చెప్పగలనండీ? చెప్పగలిగితే ఆ వరస తప్పని ఒప్పుకున్నట్టవుతుంది."

జడ్జిగారు ఈ నిజాయితీకి ముచ్చటపడి, రాసుకొమ్మని గుమాస్తాకు సైగ చేశారు. తర్వాత ప్రెసిడెంటమ్మగారు బోనెక్కి, ముద్దాయి బోనులో ఉన్న అద్దాలాయన వైపు వేలు చూపించి, చూపించిన వేలు దించకుండానే జరిగిందంతా చెప్పారు. కుర్ర ప్లీడరు లేచి, తడబడుతూ, "తమకు కళ్ళు... బాగానే కనపడతాయాండీ?" అని అడిగాడు.

"నాకా!" అన్నారావిడ. "నా కళ్ళ సంగతి కావాలంటే మా అద్దాలాయన్ని పిలిపించి అడగండి. ఆయనా ఓడవాడే, కానీ ఆయన వేరు. దేవుడిలాంటి మనిషి. ఆయన దగ్గర ఎన్ని కళ్ళజోళ్ళు మార్చాను! ఆయన్ని పిలవండి, ఆయనే చెప్తాడు."

ఇలాంటి చోట్ల బంట్రోతులు ఆలోచించరు కనుక, బంట్రోతు గుమ్మంలోకి వెళ్ళి, "అద్దాలాయన హాజర్!" అని మూడుసార్లు వీధి వైపు తిరిగి కేకేశాడు. ముద్దాయి బోనులోంచి "ఇక్కడే ఉన్నానండీ" అని వినపడింది.

ముద్దాయి సాక్షి కావచ్చునా, సాక్షి ముద్దాయిగా ఉండవచ్చునా అని ప్లీడర్లిద్దరూ లావుపాటి పుస్తకాలు తెరిచారు. జడ్జిగారు వాటిని మూయించి, ఈ బోనులో ఉన్నంతసేపూ ముద్దాయి, ఆ బోనులో ఉన్నంతసేపూ నిపుణుడు, మధ్యలో నడిచేటప్పుడు ఎవరూ కాదు అని తేల్చేశారు. అద్దాలాయన ఒక బోను దిగి రెండో బోను ఎక్కాడు.

"వచ్చారా నాయనా!" అని ప్రెసిడెంటమ్మగారి మొహం విప్పారింది. "చూశారా, ఎడమ చెవి దగ్గర వదులైంది. మీ దగ్గరికే వద్దామనుకుంటున్నాను. ఈ దొంగవెధవ గోలలో కుదరలేదు."

అద్దాలాయన జడ్జిగారి వంక చూశాడు. జడ్జిగారు తలూపారు. మారణాయుధంగా దాఖలైన స్క్రూడ్రైవరును సీలు విప్పి ఆయన చేతికిచ్చారు. ఆయన ఫ్రేము బిగించి, అద్దాల మీద నోటి ఆవిరి ఊది, చొక్కా అంచుతో తుడిచి, ఆవిడ ముక్కు మీద నిలిపాడు. మారణాయుధానికి మళ్ళీ సీలు వేశారు. బంట్రోతు చార్టు పట్టుకుని గది చివర నిలబడ్డాడు. ప్రెసిడెంటమ్మగారు పై అక్షరం నుంచి గడగడా చదువుకుంటూ దిగి, అట్టడుగున చీమ తలకాయంత ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివేశారు. జనం చప్పట్లు కొట్టారు.

"నిపుణుడుగారూ, ఈవిడ చూపు మీద మీ అభిప్రాయం?" అని అడిగారు జడ్జిగారు.

గదిలో వెనక బెంచీ మీంచి భార్య ఆయన వంకే చూస్తోంది. కుదరలేదని చెప్పు, కుదరలేదని చెప్పు అని ఆవిడ పెదవులు కదులుతున్నాయి. అద్దాలాయనకు ఒక్క క్షణం రాళ్ళక్వారీ కళ్ళ ముందు కనపడింది. తన అద్దాల వెనక నుంచి ప్రెసిడెంటమ్మగారి కళ్ళు నిండుగా, తేటగా చూస్తున్నాయి. అంత చక్కగా కుదిరిన అద్దాలను కుదరలేదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"చూపు దివ్యంగా ఉందండీ" అన్నాడు. "అద్దాలు నావి."

వెనక బెంచీలో ఠపీమని నుదురు కొట్టుకున్న చప్పుడైంది. కుర్ర ప్లీడరు దాదాపు ఏడుస్తూ లేచాడు. "మరి ఆవిడ మిమ్మల్ని ఆ బోనులో చూసి దొంగ అంటున్నారు. ఈ బోనులో చూసి దేవుడంటున్నారు. దీనికేమంటారు?"

అద్దాలాయన ప్లీడరు వైపు తిరిగాడు. "అయ్యా, నా అద్దం అక్షరం దాకా తీసుకెళ్తుంది. మనిషి దాకా తీసుకెళ్ళే అద్దం నా దగ్గర లేదు. కంపెనీవాళ్ళను కూడా అడిగాను. ఎవరూ కొనరని తయారుచెయ్యడం మానేశారట."

ఇది నిపుణుడి అభిప్రాయం కాదని చెప్పి కొట్టేశారు. ఆయన మళ్ళీ నడిచివెళ్ళి మొదటి బోను ఎక్కగానే ప్రెసిడెంటమ్మగారు సంచి లేని చేతిని గుండెకు అదుముకుని, "అదుగో, మళ్ళీ వచ్చాడు!" అన్నారు.

జడ్జిగారు తీర్పు చదవడానికి గొంతు సవరించుకున్నారు. నిపుణుడి నిజాయితీని పట్నం కలకాలం గుర్తుంచుకుంటుందనీ, ఆయన సాక్ష్యం వల్లనే ముద్దాయి నేరం తిరుగులేకుండా రుజువైందనీ మొదలుపెట్టారు. మూడేళ్ళ దాకా రాబోతుండగా పక్క బెంచీలోంచి ఒక తెల్లటి కుర్రాడు లేచాడు. గొడుగుల షాపు యజమాని కొడుకు. చేతిలో ప్రెసిడెంటమ్మగారి సంచి ఉంది.

"ఆ సంచి తీసింది నేనండీ. స్నేహితులతో పందెం కట్టాను. ఈయన్ని పట్టుకున్నారని తెలిసినప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు" అన్నాడు.

"ఎంత మంచి కుర్రాడు!" అన్నారు ప్రెసిడెంటమ్మగారు తడిసిన కళ్ళతో. "ఎక్కడో దొరికిన సంచిని తెచ్చిచ్చాడు చూడండి."

"దొరకలేదండీ, లాక్కున్నాను. మీకు క్షమించండి అని కూడా చెప్పాను."

"ఇప్పుడు కూడా ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో" అన్నారావిడ. ఇన్‌స్పెక్టరుగారు కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, "బాబూ, నువ్వు ఆ పోలికలోనే లేవు. ఇంటికెళ్ళు, అమ్మ కంగారుపడుతుంది" అని బుజ్జగించారు. కుర్రాడు కదల్లేదు. ఆవేశంగా నేరం ఒప్పుకుంటున్నాడు. ఆ పట్నం చరిత్రలో నేరం ఒప్పుకోవడానికి ఒకడు అంత పోరాడవలసి రావడం అదే మొదటిసారి.

ఇక్కడ కుర్ర ప్లీడరుకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "అయితే ఈ అబ్బాయిని కూడా వరసలో నిలబెట్టండి! ప్రెసిడెంటమ్మగారు చూసి చెబుతారు. చూపు దివ్యంగా ఉందని కోర్టే ఒప్పుకుంది కదా?"

జడ్జిగారు చాలాసేపు ఆలోచించారు. చట్టం అందరికీ ఒక్కటే అని ఆయన వెనక గోడ మీదే రాసి ఉంది. దాన్ని ఒకసారి తిరిగి చూసుకుని, సరేనన్నారు. రూలు ప్రకారం కుర్రాడి పోలికలోనే ఉన్న మరో ఐదుగుర్ని సమకూర్చి నెలాఖరులోగా పరేడ్ జరపాలి. అంతవరకు ముద్దాయి లాకప్పులోనే ఉంటాడు. ఆలోగా వరస కుదరకపోతే మొదటి గుర్తింపే ఖాయం, మూడేళ్ళూ ఖాయం. అద్దాలాయన భార్య ఆనందం పట్టలేక తమ్ముణ్ణి గట్టిగా గిల్లింది. ఐదుగురు ఊరివాళ్ళు దొరకడం ఎంతసేపు, పట్నం నిండా వాళ్ళే కదా!

ఇన్‌స్పెక్టరుగారు మర్నాడే మనుషుల కోసం బయల్దేరారు. బ్యాంకు మేనేజరుగారికి మోకాళ్ళ నొప్పులు. డాక్టరుగారు తను వరసలో నిలబడితే పేషెంట్లు ఏమనుకుంటారని అడిగారు. సమానత్వం మీద లావుపాటి పుస్తకం రాసిన ప్రొఫెసరుగారు, "నేను వేదిక మీద నిలబడతాను, వరసలో నిలబడను" అని సున్నితంగా చెప్పి పుస్తకం ఒక కాపీ సంతకం చేసి ఇచ్చారు. సత్పౌర సంఘంవారు సమావేశమై, అద్దాలాయన పట్ల ప్రగాఢ సానుభూతి తీర్మానించి, లేచి నిలబడమన్నప్పుడు మాత్రం కూర్చునే ఉన్నారు. అందరిదీ ఒకటే బెంగ. "ఆవిడ పొరపాటున నా వైపు వేలు చూపిస్తేనో?"

"ఆవిడ పొరబడరండీ. కోర్టులో రుజువైంది" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"అయినా..." అని అందరూ తలుపులు దగ్గరగా వేసుకున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారని సామెత. ఇక్కడ గుమ్మడికాయ లేదు, దొంగ కూడా దొరికాడు, అయినా భుజాలు మాత్రం తడుముకుంటూనే ఉన్నారు.

ఆస్థాన వరసగాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. లెక్కల మాస్టారు "వరసలో భయం లేకుండా నిలబడటం ఎలా?" అని ఊరివాళ్ళ కోసం ఉచిత తరగతి పెట్టారు. మూటలాయన తప్ప ఎవరూ రాలేదు, అతనికి ఆ విద్య ఎలాగూ వచ్చు. బేకరీ ఆయన అయితే తామంతా ఒంటికి మైదాపిండి పూసుకుని నిలబడతామన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు దాన్ని కొట్టిపారేయకుండా ఒకసారి పూయించి చూశారు కూడా. బాకా ఆయన తుమ్మేసరికి పోలిక మొత్తం ఎగిరిపోయింది. లాకప్పు ఊచల వెనక నుంచి అద్దాలాయన కడుపు పట్టుకుని నవ్వాడు. భార్య కూడా నవ్వింది, నవ్వుతూనే పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ప్రస్తుతం పరిస్థితి ఇది. కుర్రాడు రోజూ స్టేషన్‌కు వచ్చి, నన్ను నిలబెట్టండి మహాప్రభో అని బతిమాలి వెళ్తున్నాడు. అద్దాలాయన లాకప్పులోంచే ఫ్రేములు బిగిస్తున్నాడు. భార్య దుకాణంలో చార్టు చదివిస్తోంది. ప్రెసిడెంటమ్మగారు తమ అద్దాలాయన ఎక్కడికి వెళ్ళారో తెలియక తెగ ఇబ్బంది పడుతున్నారు. నెలాఖరు దగ్గరికొచ్చింది. క్వారీకి పోయే లారీకి కొత్త టైర్లు వేయించారని డిపోలో పనిచేసే బావమరిది చెప్పాడు.

కనుక ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, వరసలో నిలబడటానికి ఐదుగురు మర్యాదస్థులు కావాలి. చదువు, అనుభవం అక్కర్లేదు. మాట్లాడే పని లేదు. పది నిమిషాలు గడియారం వంక చూస్తూ నిలబడితే చాలు, కాఫీ ఇస్తారు. ఓడవాళ్ళ ఇళ్ళల్లో అడిగితే, ఇందులో ప్రమాదం ఏమీ ఉండదని, ఉంటే మీరు ఇన్నేళ్ళూ మమ్మల్ని నిలబెట్టేవారా అని వాళ్ళే హామీ ఇస్తారు. పాఠక మహాశయులు ఇంతవరకూ చదివి, అద్దాలాయన మీద జాలిపడి, లోకంలో న్యాయం లేదని నిట్టూర్చారు కనుక వారి నుంచే ఐదుగురు తేలతారని నా నమ్మకం. ఎలాగూ కూర్చునే ఉన్నారు, ఒకసారి లేచి నిలబడితే... అయ్యో, అదేమిటి! నేను నిలబడమన్నాను గానీ పుస్తకం మూసెయ్యమనలేదే!